ముందు కాలు ఈడుస్తున్న కుక్క: ఎముక బాగుంది, నరం దెబ్బ తినిందన్నారు. ఇంట్లో ఏం చేయాలి?

కావలి కాలవగట్టు:

నాటు కుక్క, మగది, రెండేళ్లు, 14 కిలోలు. తొమ్మిది రోజుల కిందట హైవే మీద బైకు తగిలింది. దెబ్బ ఎడమ ముందు కాలికి. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు, కీలు తప్పలేదు. "రేడియల్ నరం (ముందు కాలిని చాపి, పంజాను పైకి లేపే నరం) దెబ్బ తినింది, రెండు నెలలు చూడండి" అన్నారు డాక్టరు గారు. నొప్పికీ వాపుకూ మెలాక్సికామ్ ఐదు రోజులకు, మిథైల్‌కోబాలమిన్ (బీ12 విటమిన్) నెలకు రాశారు. వాపు తగ్గిపోయింది, తిండి బాగానే తింటా ఉండాది.

పంజా మాత్రం వెనక్కి మడతపడి, పైభాగం నేలకు రాసుకుంటా నడస్తా ఉండాది. నడిమి రెండు గోళ్ల పైన తోలు లేచి ఎర్రగా అయింది. ఇంట్లో నేలంతా గ్రానైట్, జారుతుంది కూడా.

అడగాల్సినవి ఇవి. ఇది నిజంగా రేడియల్ నరం ఒక్కటేనా, ఇంకేమన్నా ఉందా అని ఇంట్లో తెలుసుకునే దారి ఉందా? కట్టు కట్టాలా, వదిలేయాలా? పక్కింటోళ్లు పుత్తూరు కట్టు అంటున్నారు, ఊళ్లో పెద్దాయన జబ్బ మీద వాత పెట్టమంటున్నాడు. రెండు నెలలు చూడమంటే ఊరికే చూస్తా కూర్చోవడమేనా?

ఒంగోలు గిత్త:

ముందు ఒక మాట. మన వాడుకలో రక్తనాళమూ నరమే, కండను ఎముకకు పట్టి ఉంచే పట్టీ కూడా నరమే, మెదడు నుంచి కబురు మోసేదీ నరమే. అందుకే "నరం పట్టింది, లాగితే సర్దుకుంటుంది" అనే సలహా వస్తుంది. మీ కుక్కకు పోయింది కబురు మోసే తీగ. దాన్ని లాగీ, తొక్కీ, కట్టీ సర్దలేం. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు కట్టేది, ఇక్కడ విరిగిన ఎముకే లేదు. వాత గురించి అయితే చెప్పే పనే లేదు: స్పర్శ పోయిన తోలు మీద కాలితే దానికి తెలియదు, పుండు మానదు, పైన ఈగలు.

ఇప్పుడు పరీక్షలు. నాలుగూ ఇంట్లో చేయొచ్చు. కొత్తగా దెబ్బ తిన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది, మూతికి గుడ్డ కట్టి, ఇంకొకరు తల పట్టుకున్నాకే మొదలుపెట్టండి.

మొదటిది కన్ను. సందె వెలుతురులో ఎదురుగా కూర్చుని రెండు కంటిపాపలు పోల్చి చూడండి. ఎడమ పాప చిన్నదిగా ఉండి, ఆ కన్ను కాస్త లోపలికి పోయినట్టు, మూల నుంచి ఎర్రటి పొర పైకి వచ్చినట్టు ఉంటే దెబ్బ కాలిలో లేదు. నరాల మొదళ్లు వెన్నుపాము దగ్గరే ఊడి వచ్చాయని అర్థం. చంకలో ఉండే నరాల గుత్తిని బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. బండి తగిలినప్పుడు కాలు ఒంటి నుంచి దూరంగా గుంజుకుపోతే ఆ గుత్తి మొదట్లోనే తెగుతుంది. ఆ పక్క కంటికి వెళ్లే తీగ కూడా ఆ మొదళ్ల గుండానే పోతుంది కాబట్టి కంటిలో తెలుస్తుంది.

రెండోది వీపు. నడుము దగ్గర నుంచి మొదలుపెట్టి వెన్నుకు అటూ ఇటూ తోలును వేళ్లతో సన్నగా గిల్లుకుంటా ముందుకు రండి. ఈగ వాలితే పశువు తోలు అదిరినట్టు రెండు పక్కలా అదరాలి. ఎక్కడ గిల్లినా కుడి పక్కే అదిరి, ఎడమ పక్క కదలకుండా ఉంటే అది కూడా మొదళ్లు ఊడిన గుర్తే.

మూడోది మోచేయి. కుక్కను నిలబెట్టి, మీ చేత్తో పంజాను సరిగ్గా నేల మీద ఆనించి, మణికట్టు మడవకుండా పట్టుకోండి. ఇప్పుడు ఒళ్లు కొంచెం ఆ పక్కకు తోయండి. మోచేయి నిలబడిందా, కూలబడిందా? నిలబడితే జబ్బ వెనక ఉండే ట్రైసెప్స్ కండకు కబురు అందుతోంది, దెబ్బ దాని కిందనే తగిలింది. కూలబడితే దెబ్బ పైన ఉంది. మీరు అడిగిన కట్టు ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే తేలుతుంది, కింద ఎవరైనా వివరంగా రాస్తారు.

నాలుగోది స్పర్శ. పంజా పైభాగం తోలు రేడియల్ నరానిది. చిటికెన వేలు బయటి పక్క అల్నార్ నరానిది. మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలి పక్క తోలు ఇంకొక నరానిది. ఈ మూడు చోట్లా గిల్లండి, వేళ్ల దగ్గర చిన్న ఫోర్సెప్స్‌తో నొక్కండి. చూడాల్సింది కాలు కాదు, మొహం. తల తిప్పిందా, అరిచిందా, నాకబోయిందా? కాలు వెనక్కి లాక్కోవడం ఒక్కటే చూసి "తెలుస్తోంది" అనుకోవద్దు, ఆ కదలిక మెదడు దాకా పోకుండానే జరగొచ్చు. తెలియని చోటును స్కెచ్ పెన్నుతో గీత గీసి ఫోటో తీసి పెట్టుకోండి. రెండు వారాలకొకసారి ఆ గీత కిందికి జరుగుతుందా లేదా అనేదే మీ అసలు రిపోర్టు.

పంజా పైన ఒక్కటే తెలియక, మిగతా రెండు చోట్లా తెలిసి, కన్నూ వీపూ బాగుంటే అది రేడియల్ ఒక్కటే. మూడు చోట్లా తెలియకపోతే గుత్తి మొత్తం దెబ్బ తినింది.

ఇంకో హెచ్చరిక, ఇది వీధి కుక్కలు చూసేవాళ్లందరికీ. బండి తగలడం కళ్లతో చూడకపోతే "కాలు పడిపోయింది" అన్న ప్రతిదీ నరం దెబ్బ అనుకోవద్దు. కాలు గడియారం మాదిరి ఆగకుండా అదురుతుంటే డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే వైరస్ జబ్బు) అయి ఉండొచ్చు. ఒక కాలితో మొదలై రోజురోజుకూ పైకి పాకి, గొంతు మారి, దవడ వేలాడి, చొంగ కారుతుంటే రేబిస్ అనుమానించాలి, నోటి దగ్గరికి చెయ్యి పోనివ్వొద్దు. ఒళ్లంతా ఒకేసారి మెత్తబడి రెప్పలు వాలితే కట్లపాము కాటు సంగతి కూడా తలుచుకోవాలి, అప్పుడు గంటలు లెక్క.

కావలి కాలవగట్టు:

ఈ రోజు పొద్దున చూశాం అన్నా. కంటిపాపలు రెండూ సమానం. వీపు రెండు పక్కలా అదురుతా ఉండాది. పంజా పట్టుకుని నిలబెడితే మోచేయి నిలబడింది, కానీ కొంచెం వణికింది. చిటికెన వేలు నొక్కితే తిరిగి చూసింది, కుయ్యిమంది. లోపలి పక్క గిల్లినా తెలిసింది. పంజా పైభాగం మాత్రం ఎంత నొక్కినా మామూలుగానే ఉండాది. కట్టు సంగతి చెప్పండి.

పెన్నగట్టు:

మంచి వార్తే. దెబ్బ భుజం ఎముక నడిమి భాగంలోనో, కాస్త కిందనో ఉంది. రేడియల్ నరం అక్కడ ఎముకను చుట్టుకుని పోతుంది. వెనక మెత్తటి కండ పొర ఉన్నా, గట్టి దెబ్బ తగిలితే ఎముకకూ బండికీ మధ్య నలిగిపోయేది అదే.

నరం మూడు రకాలుగా చెడుతుంది. పైన పొర మాత్రమే నలిగితే కొద్ది రోజుల నుంచి ఆరు వారాల్లో దానంతట అదే పని మొదలుపెడుతుంది. లోపలి తీగ తెగి, పైన గొట్టం బాగుంటే, తెగిన చోటు నుంచి కొత్తగా పెరుగుకుంటా రావాలి: రోజుకు సుమారు 1 మిల్లీమీటరు, అంటే నెలకు ఒక అంగుళం. గొట్టంతో సహా తెగిపోతే ఆపరేషన్ లేకుండా కలవదు. మొదటిదో రెండోదో బయట నుంచి చూసి చెప్పలేం. మీకు రెండోదే అనుకుని లెక్క వేయండి. దెబ్బ దగ్గర నుంచి మణికట్టును పైకి లేపే కండ దాకా మీ కుక్కకు 7, 8 సెంటీమీటర్లు ఉంటుంది. 70, 80 రోజులు, మొదట్లో నరం తేరుకునేందుకు రెండు మూడు వారాలు కలుపుకోండి. అంటే మూడు నెలలు, కొంచెం అటూ ఇటూ. రెండు నెలలకు ఏమీ కనపడలేదని వదిలేస్తే తప్పు. అదే చంకలో తెగి ఉంటే ఆ కండకే అయిదారు నెలలు పట్టేది.

నరాన్ని మనం తొందరపెట్టలేం. అది వచ్చేసరికి కాలు ఎట్టా ఉంటుందనేది మన చేతిలో ఉంది. మణికట్టును పైకి లేపే కండలు పని మానేశాయి, కిందికి మడిచే కండలకు ఎదురు లేదు. రోజులు గడిచేకొద్దీ కింది కండలూ పట్టీలూ పొట్టిగా అయిపోయి, పంజా కొక్కెం మాదిరి బిగుసుకుంటుంది. మూడో నెలలో నరం వచ్చినా ఆ కొక్కేన్ని తెరవలేదు. అందుకే ఊరికే చూడడం కాదు.

రోజుకు మూడు సార్లు ఇట్టా చేయండి. బాగున్న పక్క నేలకు ఉండేటట్టు, గోనె సంచి మీదో బొంత మీదో పడుకోబెట్టండి. గుడ్డను గోరువెచ్చటి నీళ్లలో పిండి, జబ్బ నుంచి మణికట్టు దాకా పది నిమిషాలు కాపడం. ముందు మీ మణికట్టు లోపలి పక్క ఆనించుకుని చూడండి, మీకు చురుక్కుమంటే దానికి బొబ్బ. పంజా పైన అసలు పెట్టొద్దు, దానికి అక్కడ వేడి తెలియదు. తర్వాత జబ్బ నుంచి కిందికి అరచేత్తో నిమురుతా, కండను రెండు వేళ్ల మధ్య మెల్లగా పిసుకుతా అయిదు నిమిషాలు. నూనె వద్దు. నువ్వుల నూనె రాస్తే నాకుతుంది, నాకితే ఆ చోటే కొరకడం అలవాటవుతుంది, దుమ్ము కూడా పట్టుకుంటుంది.

ఆ తర్వాత కీళ్లు. ఒకసారికి ఒకే కీలు. ఒక చెయ్యి కీలుకు పైన, ఇంకొకటి కీలుకు కింద, ఎముకను దగ్గరగా పట్టుకోవాలి. పంజా చివర పట్టుకుని మొత్తం కాలును పంపు కొట్టినట్టు ఆడించడం అందరూ చేసే పొరపాటు, అందులో భుజం ఒక్కటే కదులుతుంది. వేళ్లు, మణికట్టు, మోచేయి, భుజం, ఈ వరసలో ఒక్కోటి 10 నుంచి 15 సార్లు మడిచి చాపండి. మణికట్టును పైకి చాపినప్పుడు మాత్రం చివర్లో 15, 20 సెకన్లు అట్టాగే పట్టి ఉంచండి. మీకు ముఖ్యమైన సాగతీత అదొక్కటే. కుక్క బిగుసుకున్నా, ఊపిరి ఆపినా, తల తిప్పినా అక్కడే ఆగాలి.

చివర్లో పళ్లు తోమే మెత్తటి బ్రష్షుతో వేళ్ల సందుల్లో, అరిపాదం మెత్తల మీద రుద్దండి. కాలు లాక్కుంటే మంచిదే, అయిదారు సార్లు చాలు. అంతా కలిపి పాతిక నిమిషాలు.

ఇక కట్టు. ట్రైసెప్స్ పని చేస్తుంది కాబట్టి మీకు కట్టు పనికొస్తుంది. మోచేయి కూలబడే కుక్కకు కట్టు కడితే దండగ, నిలబడలేని కాలికి బరువు తగిలించినట్టే. మీరు కట్టాల్సింది గట్టి కట్టు కాదు, తీసి పెట్టుకునే బద్ద.

ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు ముక్కను నిలువుగా సగానికి కోయండి. మోచేతికి రెండు వేళ్ల కింద మొదలై వేళ్ల చివర దాటి ఒక సెంటీమీటరు ఉండాలి పొడవు. బాగా మరిగిన నీళ్లలో ఆ చివరను ముంచి, మెత్తబడినాక పట్టకారుతో గరిటె మాదిరి కొంచెం పైకి వంచండి, చల్లారాక కుక్కకు పెట్టి చూడండి. అంచులన్నీ గరుకు కాగితంతో రుద్దండి, వేలితో తడిమితే ఎక్కడా గీసుకోకూడదు. బద్ద కాలి వెనక పక్క రావాలి, మణికట్టు నేరుగా, ఒక పిసరు పైకి ఉండాలి.

మణికట్టు వెనక ఒంటరిగా ఒక మెత్త ఉంటుంది చూడండి, పుండు పడేది అక్కడే. అక్కడ దూది ఎక్కువ పెట్టడం తప్పు, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. దూదిని వడ ఆకారంలో, నడుమ రంధ్రం ఉండేటట్టు చేసి, ఆ మెత్త రంధ్రంలో కూర్చునేటట్టు పెట్టాలి. దాని మీద దూది రోల్ రెండు చుట్లు, గాజు గుడ్డ ఒక చుట్టు, ఆ పైన బద్ద, ఆ పైన క్రేప్ బ్యాండేజీ. చుట్టడం వేళ్ల దగ్గర నుంచి పైకి. నడిమి రెండు గోళ్లు బయటికి కనపడాలి. గంట తర్వాత చూస్తే ఆ రెండు గోళ్లు ఒకదానికొకటి దూరంగా జరిగి ఉంటే లోపల వాపు వస్తోంది, వెంటనే విప్పేయండి. స్పర్శ లేని కాలు కట్టు బిగుసుకున్నా కుంటదు, అరవదు. మీరు చూడాల్సిందే.

మొదటి రోజు రెండు గంటలు. తోలు ఎర్రబడకపోతే రోజూ గంట పెంచుకుంటా పోయి, నడిచే వేళల్లో మాత్రం ఉంచండి. రాత్రి తీసేయాలి. తడిస్తే మార్చాలి. మూత్రానికి పోయేటప్పుడు పాలిథిన్ కవరు తొడిగి, లోపలికి రాగానే తీసేయండి, అర గంట కన్నా ఎక్కువ ఉంటే లోపల చెమ్మ పట్టి తోలు నానిపోతుంది.

మైపాడు గాలి:

పైన చెప్పిందానికి ఒక చేర్పు. బద్ద తీసి ఉన్న వేళల్లో కూడా పంజా పైన రాపిడి ఆగాలి. చిన్నపిల్లల కాటన్ సాక్సు తొడిగి, పైభాగం మీద సైకిలు ట్యూబు ముక్క కుట్టించండి. రెండంగుళాలు చాలు. మొత్తం ట్యూబుతో చేయొద్దు, గాలాడదు. లేచిన తోలును మరిగించి చల్లార్చిన ఉప్పు నీళ్లతో కడగండి, అర లీటరుకు చిన్న చెంచాడు ఉప్పు. పోవిడోన్ అయోడిన్ వాడితే పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి వాడండి. చిక్కగా పూస్తే కొత్తగా వచ్చే తోలును కూడా చంపుతుంది. పసుపు, బొగ్గుపొడి లాంటివి పుండులో నింపొద్దు. ఈ ఎండల్లో ఈగ వాలితే పురుగు పడడానికి రోజున్నర చాలు. పురుగు కనపడితే టర్పెంటైన్ పోయడం మన దగ్గర అలవాటు. కుక్క దాన్ని నాకుతుంది, పొట్టలోకి పోతుంది, ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు. పురుగులు ఏరించి మందు పెట్టించడం ఆసుపత్రిలో జరగాల్సిన పని.

నడక పొద్దున ఆరున్నర లోపల, మళ్లీ పొద్దు గూకినాకే. మన ఎండలో తారు రోడ్డు మీద, డాబా మీద పంజా కాలితే దానికి పంజా పైన తెలియనే తెలియదు. మీ చేతి వెనక భాగం నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను నడిపించొద్దు.

నడిపేటప్పుడు ఛాతీ కింద పాత తువ్వాలు వేసి పైకి పట్టుకోండి. అయిదు నిమిషాలు, రోజుకు మూడు సార్లు, నిదానంగా. వేగంగా పోతే కుక్క మూడు కాళ్లతో పరిగెత్తడం నేర్చుకుని నాలుగోదాన్ని మరిచిపోతుంది. నిదానంగా నడిస్తేనే కాలు ఆనిస్తుంది. నాలుగో వారం నుంచి తడి ఇసుక మీద నడిపించొచ్చు. మైపాడైనా, కొత్తపట్నమైనా, పెన్న ఒడ్డైనా తడి ఇసుకే వెతకండి. పొడి ఇసుకలో పంజా కూరుకుపోయి మడత పడుతుంది. పుండు పూర్తిగా మానాకే సముద్రం. ఈత మంచిదే గానీ అలల్లో వద్దు, సిమెంటు కట్టిన కాలవలో అసలే వద్దు, ఏటవాలు గట్టు ఎక్కలేక జారిపోతుంది. మీ నడుము లోతు ఉన్న నిలకడ నీళ్లలో, పొట్ట కింద చెయ్యి వేసి, రెండు మూడు నిమిషాలు.

పంజా కొంచెం ఎత్తడం మొదలుపెట్టాక నేల మీద వెదురు పుల్లలు నాలుగు అడ్డంగా వేయండి, ఒక్కోదానికి మధ్య కుక్క అడుగంత దూరం, ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు. దాటుకుంటా పోవాలంటే పంజా లేపక తప్పదు. రోజుకు పది సార్లు.

కావలి కాలవగట్టు:

వారమైంది. మణికట్టు సాగతీత బాగా చేయించుకుంటా ఉండాది. బద్ద మూడు గంటల దాకా ఉంచుతున్నాం. కానీ నిన్నటి నుంచి పంజాను అదే పనిగా నాకతా, పళ్లతో కొరకతా ఉండాది. ఒక గోరు పక్కన రక్తం వచ్చింది. మెడికల్ షాపులో నరాలకని ఒక మాత్ర ఇచ్చారు, మనుషులదే, నొప్పికి మనుషుల మెలాక్సికామ్ మాత్ర కూడా వేయమన్నారు. వేయమంటారా?

ఒంగోలు గిత్త:

రెండూ వేయొద్దు. లెక్క చూడండి. కుక్కకు మెలాక్సికామ్ మొదటి రోజు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, ఆ తర్వాత రోజుకు ఒకసారి 0.1. మీ కుక్కకు 1.4 మిల్లీగ్రాములు. మనుషుల మాత్ర చిన్నదే 7.5 మిల్లీగ్రాములు, అయిదు రెట్ల పైన. కడుపులో పుండ్లు, నల్లటి విరోచనం, కిడ్నీలకు దెబ్బ. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ దాని కన్నా చెడ్డవి. స్టెరాయిడ్ ఎవరైనా వాడి ఉంటే మెలాక్సికామ్ దగ్గరికే పోకూడదు, రెండూ కలిస్తే పేగుకు రంధ్రం పడొచ్చు.

మనుషుల "నరాల మాత్ర" చీటీ వెనక తిప్పి చదవండి. చాలా వాటిలో మిథైల్‌కోబాలమిన్ ఒక్కటే ఉండదు, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్, ప్రీగాబాలిన్, బీ6 కలిపి ఉంటాయి. ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ ఎక్కువైతే కుక్కకు చక్కెర పడిపోయి మూర్ఛ వస్తుంది, కాలేయం చెడుతుంది. బీ6 మోతాదు మరీ మీరితే కుక్కలో అదే నరాలను పాడు చేస్తుంది. ఉత్త మిథైల్‌కోబాలమిన్ వల్ల హాని లేదు, దాని వల్లే నరం పెరుగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

కొరకడం సంగతి వేరు, దాన్ని ఈ రోజే ఆపాలి. నరం తేరుకునేటప్పుడు చీమలు పాకినట్టు, తిమ్మిరి విడిచినట్టు ఉంటుంది. ఒక రకంగా అది మంచి గుర్తు కూడా. కుక్కకు ఆ సంగతి తెలియదు, తన కాలు కానట్టు కొరుక్కుంటుంది. ఒక్క రాత్రిలో వేలు తినేసుకున్న కుక్కలుంటాయి. మెడకు కోన్ వేయండి, ముక్కు చివర దాటి నాలుగు వేళ్ల పొడవు ఉండాలి. ముందు కాలికి కాబట్టి పొట్టి కోన్ అయితే చుట్టూ తిప్పి అందుకుంటుంది. 24 గంటలూ ఉండాలి, మీరు పక్కన కూర్చుని తినిపించే వేళ తప్ప. అప్పటికీ ఆగకపోతే డాక్టరు గారిని నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ గురించి అడగండి, మామూలుగా కిలోకు 10 మిల్లీగ్రాములు, రోజుకు రెండు మూడు సార్లు. మొదట్లో మగతగా, తూలుతా ఉంటుంది. హఠాత్తుగా ఆపకూడదు, తగ్గించుకుంటా రావాలి. మనుషుల సిరప్ వద్దు, కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి ఉంటుంది, అది కుక్కలకు విషం.

పెన్నగట్టు:

కరెంటు పెట్టే ఫిజియోథెరపీ గురించి ఎవరో ఒకరు చెబుతారు, ముందే రాస్తున్నా. నొప్పికి వాడే చిన్న టెన్స్ మిషను ఆన్‌లైన్లో కొని పెడితే పని జరగదు. నరం ఉన్న కండకు చాలే చిన్న తాకిడి, నరం తెగిన కండను కదిలించలేదు, దానికి చాలా పొడవాటి పల్స్ కావాలి. స్పర్శ లేని తోలు మీద ప్యాడ్ పెడితే కాలిన సంగతి కూడా తెలియదు. అది తెలిసిన చోటే చేయించండి. నెల్లూరు వైపు వాళ్లకు తిరుపతి పశువైద్య కళాశాల, చెన్నై వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రి, ఒంగోలు వైపు వాళ్లకు గన్నవరం పశువైద్య కళాశాల ఉన్నాయి. ఎక్స్‌రే ఫిల్ము, స్కెచ్ గీతల ఫోటోలు, నడక వీడియో పక్క నుంచి తీసింది తీసుకుపోండి.

కండ కొలత కూడా రాసుకోండి. దర్జీ టేపుతో మోచేతికి సరిగ్గా మూడు వేళ్ల కింద, రెండు కాళ్లకూ, ప్రతి ఆదివారం. మొదటి నెలలో ఎడమది తగ్గుతుంది, కంగారు పడొద్దు. తగ్గడం ఆగిపోవడమే మొదటి మంచి కబురు.

కనిగిరి ఎండ:

అందరూ ఆశగా రాస్తున్నారు, రెండో వైపు కూడా చెప్పాలి కదా. కాలు తీసేయడం అనే మాట ఎప్పుడు ఎత్తాలి? నా ఉద్దేశంలో కంటిపాప చిన్నబడి, మూడు చోట్లా స్పర్శ లేని కుక్కకు ఆరు నెలలు కాపడాలు పెట్టించడం దాన్ని హింసించడమే. వీధి కుక్కకైతే మరీను, ఈడ్చిన పంజాకు పుండు, పుండుకు పురుగు. మూడు కాళ్లతో నెల తిరక్కుండా పరిగెత్తుతుంది.

ఒంగోలు గిత్త:

మొదళ్లు ఊడిన కుక్కకు మీ మాటే నిజం, వీధి కుక్కకు ఇంకా నిజం. అయినా తొమ్మిదో రోజున కాదు. దెబ్బ కొత్తలో నరం నలిగిపోయి అసలు లేనట్టే ఉంటుంది, నాలుగో వారానికి వేళ్లలో నొప్పి తెలిసిన కుక్కలు ఉంటాయి. నెల తర్వాత కూడా లోతుగా నొక్కితే తెలియకపోతే ఆశ బాగా తక్కువ. నాలుగు నుంచి ఆరు నెలలకు గీత ఒక్క వేలు కూడా కిందికి జరగకపోతే నిర్ణయం తీసుకోవచ్చు. పుండు ఎముక దాకా పోయినా, కొరుక్కోవడం ఏ మందుకూ ఆగకపోయినా అంతకు ముందే. ముసలి కుక్క, మిగతా కాళ్ల కీళ్లు అరిగిన కుక్క, లావు కుక్క అయితే మూడు కాళ్ల లెక్క మారుతుంది. అది ముందే చూసుకోవాలి.

కాలవగట్టు గారి కుక్క ఆ లెక్కలో లేదు. మోచేయి నిలబడుతుంది, అల్నార్ పని చేస్తుంది. రేడియల్ రానే రాకపోయినా దీనికి రెండు దారులున్నాయి. చాలా కుక్కలు పంజాను ముందుకు విసిరి, మడత పడకముందే ఆనించడం వాటంతట అవే నేర్చుకుంటాయి. లేదంటే మణికట్టు కీలును ప్లేటు వేసి బిగించేస్తారు. అరిపాదానికి స్పర్శ ఉంది కాబట్టే దీనికి ఆ ఆపరేషన్ ఆలోచించొచ్చు.

కావలి కాలవగట్టు:

కోన్ వేశాం, కొరకడం ఆగింది. డాక్టరు గారు గాబాపెంటిన్ రాశారు. రెండు చిన్న సంగతులు. తిండి ఏం పెట్టాలి? గ్రానైట్ మీద జారకుండా ఏం చేయాలి? మూడు కాళ్లూ నాలుగు దిక్కులకు పోతున్నాయి.

మైపాడు గాలి:

తిండికి ప్రత్యేకం ఏమీ లేదు, బరువు పెరగకూడదు, అంతే. కదలిక తగ్గింది కాబట్టి అన్నం నాలుగో వంతు తగ్గించి, ఆ చోట ఉడికించిన గుడ్డు ఒకటో, ఎముక తీసిన కోడి మాంసం గుప్పెడో పెట్టండి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు. చేప పెడితే ముల్లు తీసి ఉత్తగా ఉడికించింది పెట్టండి. రాత్రి మిగిలిన చేపల పులుసు అన్నంలో కలిపి పెట్టడం మన నెల్లూరు వాళ్లకు మామూలే, అది వద్దు, అందులోని ఉల్లిపాయ కుక్క రక్తాన్ని విరిచేస్తుంది, ఉప్పూ కారం సంగతి సరే.

చీమకుర్తి రాయి పాలిష్ పెట్టి పరిచిన ఇళ్లలో బాగున్న కుక్కే జారుతుంది. బాగున్న మూడు పంజాల అడుగున మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించండి, గోళ్లు తీయండి, సగం జారుడు పోతుంది. ఈడ్చే పంజా గోళ్లు మాత్రం తీయకముందు చూడండి, అవి ఏ పక్క అరిగాయో అదే చెబుతుంది. ముందు పక్క అరిగితే ఇంకా మడత పడుతోంది, కింది కొనలు అరగడం మొదలైతే ఆనిస్తోంది.

అది పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి గుమ్మం దాకా గోనె సంచులు దారిలాగా పరచండి. ఇల్లంతా అవసరం లేదు, అది ఆ దారి పట్టే నడుస్తుంది. సంచిని రెండు మడతలు వేసి, కింద రబ్బరు చాప ముక్కో, నాలుగు మూలలా వెడల్పు టేపో వేయండి. ఊరికే పరిస్తే కుక్కతో పాటు సంచి కూడా జారుతుంది.